నోరు కట్టుకోవడంతో మొదలయ్యే జబ్బు

(స్వర్ణోత్సవాల రెండవ రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1988 పదో తరగతి బ్యాచ్. ఆ తర్వాత ఎం.బి.బి.ఎస్. చదివి, మానసిక వైద్యంలో పై చదువు పూర్తిచేసి, పాతికేళ్ళకు పైగా ఆ పనిలోనే ఉన్నాను. నెల కిందట మన సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "డాక్టరమ్మా, ఆరోగ్యం మీద ఒక అరగంట మాట్లాడాలి. బీపీ, షుగరు గురించైతే అందరికీ పనికొస్తుంది" అన్నారు. బీపీ, షుగరు గురించి చెప్పగలిగిన డాక్టర్లు మన పూర్వ విద్యార్థుల్లోనే అరడజను మంది ఉన్నారు. అందుకని, సాధారణంగా ఇలాంటి సభల్లో ఎవరూ ఎత్తని ఒక జబ్బు గురించి మాట్లాడతానన్నాను. దాని పేరు బులీమియా.

ఈ పేరు మీలో కొందరు వినే ఉంటారు. విననివాళ్ళకు ఒక్క మాటలో చెప్పాలంటే, అదుపు తప్పి తినడం, తిన్న తర్వాత భయంతోనో సిగ్గుతోనో ఆ తిండిని ఎలాగైనా ఒంట్లోంచి పంపించేయాలని చూడడం, ఇది మళ్ళీ మళ్ళీ జరుగుతూ ఉండడం. పండగలాంటి సభలో ఇదేం మాట అనుకోకండి. ఈ జబ్బు ఎక్కువగా మొదలయ్యేది పదిహేనేళ్ళకూ ఇరవై రెండేళ్ళకూ మధ్య. అంటే మన గురువుల ఎదురుగా బెంచీల మీద కూర్చున్న వయసు, మన పిల్లలు, కొందరి మనవలు ఇప్పుడున్న వయసు. పైగా ఇది ఇంట్లో నలుగురి మధ్య ఉంటూనే ఏళ్ళ తరబడి ఎవరికీ కనబడకుండా ఉండగలదు. అందుకే దీన్ని గుర్తుపట్టగలిగిన వాళ్ళెవరని ఆలోచిస్తే నాకు ఈ హాల్లో కూర్చున్నవాళ్ళే కనిపించారు.

ముందు పేరు సంగతి. బులీమియా అనేది గ్రీకు మాట. అక్కడ దానికి అర్థం "ఎద్దు ఆకలి". ఎద్దుకున్నంత ఆకలి అనుకోండి. మాట పాతదే కానీ, జబ్బుగా దీన్ని స్పష్టంగా వర్ణించింది 1979లో, లండన్‌లోని జెరాల్డ్ రస్సెల్ అనే మానసిక వైద్యుడు. తన దగ్గరికి వచ్చిన ముప్పై మంది రోగుల్లో ఒకే తీరు కనబడిందని ఆయన రాశారు. ఆపుకోలేనంతగా తినడం, తిన్నది కక్కేయడమో విరేచనాల మందులు వాడడమో చేయడం, లావైపోతామన్న విపరీతమైన భయం. ఆ మూడూ కలిసిన జబ్బుకు "బులీమియా నెర్వోసా" అని పేరు పెట్టారు. ఈరోజు మేం వాడే కొలత ప్రకారం, ఇలా వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలు జరిగితే దాన్ని బులీమియా అంటాం. అయితే ఒక పిల్ల మూడు నెలలు పూర్తిచేసేదాకా మనం ఎదురుచూడక్కర్లేదు.

దీనికి అక్కలాంటి జబ్బు అనొరెక్సియా. అందులో తిండి మానేసి మనిషి ఎముకల గూడైపోతుంది. చూడగానే ఎవరికైనా తెలిసిపోతుంది. బులీమియాలో అలా తెలియదు. చాలామంది మామూలు బరువులోనే ఉంటారు, కొందరు కాస్త బొద్దుగానూ ఉంటారు. నలుగురిలో చక్కగా తింటారు, నవ్వుతారు, మార్కులు బాగానే తెచ్చుకుంటారు. మనకు జబ్బుపిల్ల అంటే చిక్కిపోయిన పిల్లే కదా. అందుకని ఈ పిల్ల మన కళ్ళకు ఆనదు.

"ఎక్కువ తినడం కూడా జబ్బేనా డాక్టరుగారూ? పెళ్ళిభోజనంలో మేమూ తింటాం" అని నన్ను అడిగినవాళ్ళున్నారు. పెళ్ళిలో పంక్తిలో కూర్చుని, పక్కవాళ్ళతో కబుర్లాడుతూ, వడ్డించేవాడిని పిలిచి ఇంకో బూరె వేయించుకుని, నడుం వాల్చాలనిపించేంత తినడం సంతోషం. బులీమియాలో జరిగేది వేరు. అక్కడ మనిషి ఒంటరిగా ఉంటుంది. తలుపు మూసి ఉంటుంది. గబగబా తింటుంది, రుచి తెలియదు. ఆపాలని లోపల అరుస్తూనే ఉంటుంది, చెయ్యి ఆగదు. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ, "ఆ టైములో నా చెయ్యి నాది కాదండీ" అంది. ఆ అదుపు తప్పిన స్థితే ఈ జబ్బుకు గుర్తు. ఎంత తిన్నారన్నది దాని తర్వాతి మాట.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఎవరినీ గుర్తుపట్టకుండా ఇద్దరు ముగ్గురి వివరాలు కలిపి చెబుతున్నాను. ఇంటర్ చదివే అమ్మాయి, హాస్టల్లో ఉండేది. సంక్రాంతికి ఇంటికొస్తే మేనత్త గుమ్మంలోనే, "ఏమే, ఒళ్ళు చేశావే! పెళ్ళికొడుకు దొరకొద్దూ?" అంది. ఆ అత్తకు ఈ పిల్లంటే ప్రాణం. ఆ మాటలో ఆవిడకు ఏ చెడు ఉద్దేశమూ లేదు. హాస్టలుకు తిరిగి వెళ్ళాక పిల్ల ఉదయం టిఫిన్ మానేసింది. కొన్నాళ్ళకు మధ్యాహ్నం అన్నం కూడా తగ్గించేసింది. పదిహేను రోజులు గట్టిగా నోరు కట్టుకుంది. స్నేహితురాళ్ళు "తగ్గావే, భలే ఉన్నావు" అన్నారు. తర్వాత ఒక రాత్రి పెట్టె తీసింది. అమ్మ పంపిన సున్నుండల డబ్బా, మిక్చరు పొట్లం, పక్కమంచం పిల్ల బిస్కెట్లు అన్నీ అయిపోయేదాకా ఆగలేకపోయింది. ఆ తర్వాత భయం. తిన్నదంతా కక్కేస్తే సరిపోతుందనుకుంది. ఆ రాత్రికి అది పరిష్కారంలా అనిపించింది. మర్నాడు నిన్నటి పాపానికి ఈరోజు ఉపవాసం అనుకుంది. ఆ సాయంత్రానికి మళ్ళీ ఆకలి.

రెండేళ్ళు ఎవరికీ తెలియలేదు. ఇంటికొచ్చినప్పుడు శనివారం ఒంటిపూట అంటే అమ్మ "భక్తి కుదిరింది" అని సంతోషించింది. చివరికి కనిపెట్టింది పళ్ళ డాక్టరు. చల్లనీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటున్నాయని వెళితే, పైపళ్ళ లోపలివైపు పింగాణీ పొర అరిగిపోయి ఉండడం చూశారు. కడుపులోని ఆమ్లం మాటిమాటికీ నోట్లోకి వస్తేనే అలా అరుగుతాయి. ఆ డాక్టరుగారు తల్లిని కాసేపు బయట కూర్చోమని, మెల్లగా ఒక్క ప్రశ్న అడిగారు. పిల్ల ఏడ్చేసింది. రెండేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే.

ఇప్పుడు ఇది ఎందుకు జరుగుతుందో చూద్దాం. చాలామంది దీన్ని తిండిపోతుతనం అంటారు, లేకపోతే అందం పిచ్చి అంటారు. రెండూ తప్పే. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944 నవంబరులో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టారు. యుద్ధంలో ఆకలికి మాడినవాళ్ళకు తిరిగి తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. ఆరోగ్యంగా, మానసికంగా దృఢంగా ఉన్న 36 మంది యువకులు తమంతట తాము ముందుకొచ్చారు. 24 వారాలపాటు వాళ్ళకు మామూలుగా తినేదాంట్లో సుమారు సగమే పెట్టారు. ఒంటి బరువులో దాదాపు నాలుగోవంతు తగ్గారు. వాళ్ళ మనసుల్లో జరిగిన మార్పు ఇంకా పెద్దది. రోజంతా తిండి గురించే ఆలోచన, తిండి గురించే మాట. వంటల పుస్తకాలు చదవడం, వంటకాల వివరాలు పోగుచేసుకోవడం మొదలుపెట్టారు. కొందరు మధ్యలోనే నిగ్రహం తప్పి అదుపు లేకుండా తిన్నారు, ఆ తర్వాత తమను తాము అసహ్యించుకున్నారు. ప్రయోగం అయిపోయి, తిండి మళ్ళీ కావలసినంత దొరికాక కూడా కొందరికి ఎంత తిన్నా ఆకలి తీరలేదు.

వాళ్ళెవరూ అందం కోసం తిండి తగ్గించినవాళ్ళు కారు. తిండిపోతులూ కారు. కడుపు మాడితే మనిషి మనసు అలాగే నడుస్తుంది. ఒళ్ళు దాన్ని కరువుగా లెక్కేసుకుంటుంది, తిండి కనబడగానే దొరికినంత లాక్కోమని తోస్తుంది. నోరు కట్టుకున్న పిల్లకు రాత్రి వచ్చేది ఆ కరువు ఆకలే. దాన్ని తన బలహీనత అనుకుని మర్నాడు ఇంకా గట్టిగా కట్టుకుంటుంది. ఎంత గట్టిగా కట్టుకుంటే అంత గట్టిగా తెగుతుంది. గానుగెద్దులా అదే చుట్టు తిరుగుతూ ఉంటుంది. ఈ చుట్టు అర్థమైతే బులీమియా సగం అర్థమైనట్టే.

అలాగని నోరు కట్టుకున్న ప్రతివాళ్ళకూ ఈ జబ్బు రాదు. కొన్ని కుటుంబాల్లో ఇలాంటి జబ్బులు ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి పుట్టుకతో వచ్చే పాలు కొంత ఉంది. దిగులు, ఆందోళన ఉన్నవాళ్ళకు, తమ మీద తమకు నమ్మకం తక్కువైనవాళ్ళకు, చిన్నతనంలో ఏదైనా దారుణానికి గురైనవాళ్ళకు ప్రమాదం ఎక్కువ. కొందరికి ఆ తినడం, ఆ కక్కడం మనసులోని కోపాన్నో దుఃఖాన్నో కాసేపు మొద్దుబార్చే సాధనాలవుతాయి.

చుట్టూ ఉన్న లోకం పాత్ర కూడా తక్కువేం కాదు. పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవుల్లో ఒకప్పుడు నిండుగా, పుష్టిగా ఉండడమే అందం. మన అమ్మమ్మలు "లక్ష్మీకళగా ఉంది" అన్నట్టే అక్కడా అనేవాళ్ళు. అక్కడి నడ్రోగా అనే ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. హార్వర్డ్‌కు చెందిన ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు టీవీ వచ్చిన కొద్ది వారాలకే అక్కడి బడి అమ్మాయిలను అడిగితే, బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటామన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మూడేళ్ళ తర్వాత, 1998లో, అదే ప్రాంతంలో అదే వయసు అమ్మాయిలను అడిగితే 11.3 శాతం మంది అవునన్నారు. టీవీ కొత్తగా వచ్చినప్పటి మాట ఇది. ఇప్పుడు ప్రతి పిల్ల చేతిలోనూ ఫోనుంది. అందులో ఫిల్టరు పెట్టి నున్నగా చేసిన ముఖాలు, సన్నబరిచిన నడుములు ఉన్నాయి.

మగపిల్లలకు రాదనుకోకండి. తక్కువే, కానీ వస్తుంది. సినిమా హీరో ఒళ్ళు చూసి జిమ్ముకు వెళ్ళి, వారమంతా కడుపు మాడ్చుకుని, ఒక రాత్రి అదుపు తప్పి, మర్నాడు నాలుగు గంటలు ఒళ్ళు హూనం చేసుకునే కుర్రాళ్ళను నేను చూశాను. తినడానికి ప్రాయశ్చిత్తంగా చేసే అతి వ్యాయామం కూడా ఈ జబ్బులో భాగమే. మగపిల్లాడు ఎంత తిన్నా ఇంట్లో మురిసిపోతారు కాబట్టి వాడి జబ్బు ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

దీనివల్ల ఒంటికి జరిగే నష్టం సంగతి సూటిగా చెబుతాను. మాటిమాటికీ వాంతులు, విరేచనాలు అయితే ఒంట్లో పొటాషియం పడిపోతుంది. గుండె లయ తప్పకుండా కొట్టుకోవడానికి పొటాషియం కావాలి. అది బాగా పడిపోతే, చూడడానికి నిక్షేపంగా ఉన్న ఇరవై ఏళ్ళ పిల్లకు కూడా గుండె ఆగిపోవచ్చు. పళ్ళు అరుగుతాయి. చెవి కింద లాలాజల గ్రంథులు వాచి బుగ్గలు ఉబ్బినట్టు కనబడతాయి. ఆ పిల్ల అద్దంలో చూసుకుని "ఇంకా లావయ్యాను" అనుకుంటుంది. అన్నవాహిక చిరిగి నెత్తురు పడవచ్చు. వాంతిలో నెత్తురు, గుండెదడ, కళ్ళు తిరిగి పడిపోవడం, కండరాలు పట్టేయడం, వీటిలో ఏది కనబడినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చచ్చిపోవాలన్న ఆలోచనలు కూడా ఈ జబ్బులో ఎక్కువే. ఆ మాట పిల్ల నోట వస్తే బెదిరింపు అని కొట్టిపారేయకండి.

ఇంత నష్టపోయి ఆ పిల్ల సాధించేదేమిటి? తిన్నదాంట్లో చెప్పుకోదగ్గ భాగం వాంతి అయ్యేలోపే ఒంటికి పట్టేస్తుంది. విరేచనాల మందు పెద్దపేగు మీద పనిచేస్తుంది. తిండిలోని శక్తి అంతకుముందే చిన్నపేగులో ఒంటికి చేరిపోయి ఉంటుంది. పోయేది నీళ్ళు, లవణాలు. కాటా మీద తగ్గినట్టు కనబడినది రెండు గ్లాసుల నీళ్ళు తాగితే తిరిగొచ్చేస్తుంది. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిశాక కొందరు ఆ మందులు అక్కడికక్కడే మానేస్తారు.

ఇక వైద్యం. మీకు నేను చెప్పాలని వచ్చిన మంచి మాట ఇదే. బులీమియాకు పనిచేసే వైద్యం ఉంది. అది ఖరీదైన యంత్రాలతో చేసేది కాదు.

మొదట రక్తపరీక్ష, గుండెకు ఈసీజీ. పొటాషియం తక్కువుంటే అది సరిచేయడం. పళ్ళ డాక్టరుకు చూపించడం. వాంతి అయిన వెంటనే బ్రష్ చేస్తే మెత్తబడ్డ పింగాణీ ఇంకా అరుగుతుంది కాబట్టి నీళ్ళతో పుక్కిలించమంటాం.

ఆ తర్వాత అసలు వైద్యం. దాన్ని సి.బి.టి. అంటారు. ఆలోచించే తీరునూ, అలవాట్లనూ కలిపి మార్చే మాటల వైద్యం. బులీమియాకు తగ్గట్టుగా దీన్ని 1980ల మొదట్లో ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ అనే వైద్యుడు రూపొందించారు. సుమారు ఇరవై వారాలు, ఇరవైసార్లు కూర్చోవడం. మొదటి పని, ఏం తిన్నాను, ఎప్పుడు తిన్నాను, అప్పుడు మనసులో ఏముంది అని అప్పటికప్పుడు ఒక నోటుబుక్కులో రాసుకోవడం. రెండో పని వింటే మీరు ఆశ్చర్యపోతారు. వేళకు తినడం! పొద్దున టిఫిను, పదకొండింటికి ఓ పండో మజ్జిగో, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఏదో ఒకటి, రాత్రి భోజనం. మధ్యలో మూడు నాలుగు గంటలకు మించి ఖాళీ ఉండకూడదు. రాత్రి అదుపు తప్పి తిన్నా సరే, పొద్దున టిఫిను మానకూడదు. అక్కడే ఆ గానుగ ఆగుతుంది.

ఇది విన్న ప్రతి పిల్లా మొదట భయపడుతుంది. "ఐదుసార్లు తింటే నేనేమైపోతాను మేడమ్?" అంటుంది. వారానికి ఒక్కసారే, నా ఎదురుగానే, బరువు చూసుకుందాం అంటాను. రోజుకు పదిసార్లు కాటా ఎక్కే అలవాటు అలా పోతుంది. వేళకు తినడం వల్ల చాలామంది బరువులో పెద్దగా తేడా రాదని నాలుగైదు వారాల్లో తనకే తెలుస్తుంది. రాత్రి తినాలన్న తోపు వచ్చినప్పుడు అది అలలాంటిదని నేర్పుతాం. లేస్తుంది, కాసేపుంటుంది, పడిపోతుంది. ఆ కాసేపు ఎవరికైనా ఫోన్ చేయడం, వరండాలో నడవడం, గదిలోంచి బయటికి రావడం. తర్వాత, "ముట్టుకోకూడదు" అని పెట్టుకున్న పదార్థాలను ఒక్కొక్కటిగా, కొంచెం కొంచెంగా, పళ్ళెంలోకి తెస్తాం. ఆ సున్నుండల పిల్ల ఏడాది తర్వాత ఒక సున్నుండ నా ఎదురుగా కూర్చుని తిని, చెయ్యి కడుక్కుని, కబుర్లు చెప్పి వెళ్ళింది. నాకు ఆ రోజు బాగా గుర్తు. చివరగా, నా విలువంతా నా నడుం కొలతలోనే ఉందన్న నమ్మకాన్ని తనంతట తానే ప్రశ్నించుకునేలా చేస్తాం.

పదిహేడు, పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలైతే తల్లిదండ్రులను కూడా వైద్యంలో భాగం చేస్తాం. తప్పెవరిదని వెతకడం అందులో ఉండదు. పిల్లతో కలిసి వేళకు తినడం, తిన్న తర్వాత గంటసేపు తోడుగా ఉండడం, గెలిచిన రోజునూ ఓడిన రోజునూ ఒకేలా చూడడం వాళ్ళకు నేర్పుతాం.

మందులు కూడా ఉన్నాయి. ఫ్లూఆక్సెటిన్ అనే మందు పెద్దవాళ్ళలో బాగా పనిచేస్తుంది. దిగులుకు సాధారణంగా 20 మిల్లీగ్రాములతో మొదలుపెడతాం, దీనికి రోజుకు 60 మిల్లీగ్రాముల దాకా అవసరమవుతుంది. దిగులు లేనివాళ్ళకు కూడా ఆ తోపును తగ్గిస్తుంది. అలాగని మందుల షాపుకు వెళ్ళి కొనుక్కునేది కాదు. దిగులుకు వాడే మందుల్లోనే బుప్రోపియాన్ అనేది బులీమియా ఉన్నవాళ్ళకు ఇస్తే మూర్ఛ వచ్చే ప్రమాదముంది. అందుకే డాక్టరు చూసి రాయాలి, డాక్టరు దగ్గర ఏదీ దాచకూడదు.

నయమవుతుందా అంటే అవుతుంది. అమెరికాలో బోస్టన్ వైద్యులు బులీమియా ఉన్న స్త్రీలను 22 ఏళ్ళపాటు గమనిస్తే, 68 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. అంటే మూడింట రెండు వంతులు. మధ్యలో జబ్బు తిరగబెట్టవచ్చు. పరీక్షలప్పుడో, పెళ్ళిచూపులప్పుడో, కాన్పు తర్వాతో తిరగబెడుతుంది. అప్పుడు మొదటికొచ్చిందని కుంగిపోకుండా మళ్ళీ ఆ నోటుబుక్కు తీయాలి. ఎంత తొందరగా వైద్యం మొదలైతే అంత మంచిది. ఆలస్యానికి పెద్ద కారణం సిగ్గు. వేల్స్ యువరాణి డయానా 1995లో బీబీసీ ఇంటర్వ్యూలో తనకు ఏళ్ళ తరబడి బులీమియా ఉండేదని లోకమంతా వింటుండగా చెప్పారు. రాజభవనంలో ఉన్న మనిషే అన్నేళ్ళు దాచుకుంటే, హాస్టల్ గదిలో ఉన్న పిల్ల దాచుకోవడంలో వింతేముంది?

గురువులకు ఒక మనవి. భోజనం అవగానే రోజూ బాత్రూముకు వెళ్ళి ఆలస్యంగా వచ్చే పిల్ల, నలుగురితో తినడానికి ఎప్పుడూ ఏదో వంక చెప్పే పిల్ల, బుగ్గలు వాచి కళ్ళు ఎర్రబడి గొంతు బొంగురుపోయిన పిల్ల, వేళ్ళ కణుపుల మీద మానని గీతలున్న పిల్ల, ఉన్నట్టుండి మూగబోయిన పిల్ల కనబడితే ఒక్కసారి పక్కకు పిలవండి. క్లాసులో అడగొద్దు. "కక్కుతున్నావా?" అని నిలదీయొద్దు. "ఈమధ్య నువ్వు నలిగిపోతున్నట్టు కనబడుతున్నావమ్మా. తిండి విషయంలో ఏమైనా ఇబ్బందిగా ఉందా? నాతో చెప్పొచ్చు, నేను తిట్టను" అనండి. మొదటిసారి లేదంటుంది. వారం తర్వాత మళ్ళీ అడగండి. చెప్పిన రోజున ఉపన్యాసం ఇవ్వకండి. "అన్నం పరబ్రహ్మ స్వరూపం, దాన్ని కక్కుతావా" అన్న మాట మన నోటికి తేలిగ్గా వస్తుంది. ఆ పిల్ల ఆ మాట తనను తాను అప్పటికే వందసార్లు అనుకుని ఉంటుంది.

ఆటల పీరియడ్లో పిల్లలను వరసగా నిలబెట్టి బరువు చూసి గట్టిగా చదవడం మానేద్దాం. బరువు చూడాల్సొస్తే విడిగా చూసి, విడిగా రాసుకోవచ్చు. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గుమ్మడికాయ అని, బకాసురుడని, పుల్ల అని పిలుచుకుంటే నవ్వి ఊరుకోకుండా ఆపుదాం.

తల్లిదండ్రులకు, తాతయ్యలకు, అమ్మమ్మలకు ఒక మాట. తెలిసిన రోజున అరవకండి, పెట్టెలు వెతకకండి, బాత్రూము తలుపు దగ్గర కాపలా కాయకండి. "ఇది జబ్బు, దీనికి డాక్టరున్నారు, నేను నీతో వస్తాను" అన్న మూడు మాటలు చాలు. పెళ్ళి కుదరదేమోనని దాచిపెట్టి వైద్యం వాయిదా వేయకండి.

ఎక్కడికి వెళ్ళాలి అంటే, ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. బెంగుళూరులో నిమ్హాన్స్ ఉంది. ఎక్కడికీ వెళ్ళే ధైర్యం లేకపోతే టెలీమానస్‌కు ఫోన్ చేయవచ్చు. నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ అది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంకో సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆరోగ్య బీమా కంపెనీలు శారీరక జబ్బులకు ఎలా ఇస్తాయో మానసిక జబ్బులకూ అలాగే బీమా ఇవ్వాలి. పాలసీ ఉన్నవాళ్ళు అడిగి చూడండి.

ఇప్పుడు మన సంఘానికి రెండు ప్రతిపాదనలు. స్వర్ణోత్సవ నిధితో కొత్త గేటు, ఆడిటోరియం రంగులు అనుకుంటున్నారు. చాలా సంతోషం. దాంతోపాటు ఏడాదికి ఒక పూట మన బడి టీచర్లకూ, చుట్టుపక్కల హాస్టళ్ళ వార్డెన్లకూ ఇలాంటి జబ్బులను గుర్తుపట్టడం మీద శిక్షణ పెడదాం. నేను వచ్చి చెబుతాను, ఖర్చేమీ లేదు. రెండోది, వారానికి రెండు రోజులు బడికి వచ్చి కూర్చునే ఒక కౌన్సెలరు. ఆ జీతం మన 1988 బ్యాచ్ మొదటి రెండేళ్ళూ భరిస్తుంది. నిన్న రాత్రి మా వాళ్ళందరినీ అడిగి, ఒప్పించి ఈ మాట చెబుతున్నాను. మూడో ఏడు ఏ బ్యాచ్ తీసుకుంటుందో సాయంత్రంలోగా తేల్చండి.

ఆఖరుగా మనందరికీ. పొద్దున రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర నిలబడి విన్నాను. ముప్పై ఏళ్ళ తర్వాత కలిసిన స్నేహితులు మొదటి పలకరింపుగా "అబ్బో, ఏంటిలా ఊరిపోయావు?", "నువ్వేంటి ఇలా చిక్కిపోయావు, షుగరా?" అనుకుంటున్నారు. ప్రేమతోనే. మన యాసలో అది పలకరింపే. కానీ మన పక్కన నిలబడి మన పిల్లలు వింటున్నారు. మనిషిని చూడగానే ముందు ఒంటిని తూచడం వాళ్ళు మన దగ్గరే నేర్చుకుంటారు. "ఎన్నాళ్ళయిందిరా నిన్ను చూసి" అంటే సరిపోదూ?

భోజనాల వేళ దగ్గరపడింది. పులిహోర వాసన ఇక్కడిదాకా వస్తోంది. కడుపునిండా తినండి. పక్కవాళ్ళ విస్తట్లో ఎంతుందో మాత్రం చూడకండి, దాని మీద వ్యాఖ్యానం చేయకండి.